కుక్కతో జర్మనీ పాత పట్టణాలకు వీకెండ్ ట్రిప్: ఎలా వెళ్లాలి, ఎలా తిరగాలి

జర్మనీలో కుక్కను పెంచుకుంటున్న తెలుగు స్నేహితులు నన్ను ఎప్పుడూ ఇవే అడుగుతారు. ట్రైన్ ఎక్కనిస్తారా? హోటల్‌లో గది ఇస్తారా? రెస్టారెంట్‌లోకి రానిస్తారా? మూడింటికీ చాలాచోట్ల అవుననే జవాబు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. రాళ్లు పరిచిన వీధులు, కోటగోడల నిటారు మెట్లు, మధ్యాహ్నం పూట టూరిస్టు గుంపులు, కొట్లన్నీ మూసేసే ఆదివారం. వీటిని ముందే లెక్కలో పెట్టుకుంటే కుక్కా మీరూ హాయిగా తిరిగొస్తారు.

మేం ఉండేది న్యూరెంబర్గ్‌లో. మా లడ్డును ఇక్కడి జంతువుల ఆశ్రమం, అంటే టియర్‌హైమ్ నుంచి తెచ్చుకున్నాం. 17 కిలోలుంటాడు. వాడిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల పాత ఊళ్లు చాలా తిరిగాం. కింది పద్ధతి అలా తిరుగుతూ, తప్పులు చేస్తూ కుదుర్చుకున్నది. ఉదాహరణకు రోథెన్‌బుర్గ్ ఓబ్ డెర్ టౌబర్‌ను తీసుకున్నాను. మనవాళ్లు చాలామంది మొదట వెళ్లేది అక్కడికే.

కావలసినవి

- ఛాతీకి తొడిగే హార్నెస్, 2 మీటర్ల మామూలు లీష్. సాగే లీష్ ఇంట్లోనే వదిలేయండి.
- మూతికి తొడిగే చిక్కం. ఇక్కడ మౌల్‌కోర్బ్ అంటారు. లోపల కుక్క నోరు తెరిచి రొప్పగలిగే బుట్టలాంటిదే కొనండి. నోరు బిగించేసే గుడ్డ పట్టీ వద్దు.
- మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల, మీ ఊరి మున్సిపాలిటీ ఇచ్చిన కుక్క పన్ను బిళ్ల.
- నీలం రంగు ఈయూ పెంపుడు జంతువుల పాస్‌పోర్ట్. లయబిలిటీ ఇన్సూరెన్స్ నంబరు ఫోన్‌లో ఉండాలి. బెర్లిన్, హాంబుర్గ్, నీడర్‌జాక్సెన్, తురింగియా, జాక్సెన్-అన్హాల్ట్ లాంటి రాష్ట్రాల్లో ఈ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మీ రాష్ట్రంలో తప్పనిసరి కాకపోయినా తీసుకోండి.
- ఎన్ని పూటలు ఉంటారో అన్ని పూటల తిండి, దాని మీద ఒక పూట ఎక్కువ. ఆదివారం కొనలేరు.
- మడిచే నీళ్ల గిన్నె, లీటరు నీళ్లు, మలం ఎత్తే సంచులు, పాత తువ్వాలు.
- ఇంట్లో రోజూ పడుకునే దుప్పటి. ఉతకకుండా అలాగే తీసుకెళ్లండి. కొత్త గదిలో దాని వాసనే కుక్కకు ధైర్యం.
- పిడుదులు తీసే పట్టకారు, గాజు గుడ్డ, చుట్టుకట్టు.

బయల్దేరే ముందు ఇంకో పని చేయండి. కుక్క ఒంట్లో చిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ చిప్ నంబరు మీ పేరు, ఫోన్ నంబరుతో టాసో, ఫిండెఫిక్స్ అనే పెంపుడు జంతువుల రిజిస్టర్లలో ఏదో ఒకదానిలో నమోదై ఉండాలి. డాక్టరు చిప్ వేస్తే ఆ నమోదు కూడా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అది దానంతట అది జరగదు, మనమే చేసుకోవాలి. ఖర్చేమీ లేదు, పది నిమిషాల పని. ఫోన్ నంబరు మారినవాళ్లు ఇప్పుడే మార్చుకోండి.

1. కుక్క కాళ్లను బట్టి ఊరిని ఎంచుకోండి

ఫొటోలు చూసి కాదు, నేల ఎలా ఉందో చూసి ఎంచుకోవాలి. ముసలి కుక్క, కీళ్లనొప్పులున్న లాబ్రడార్, పొట్టి కాళ్ల డాక్స్‌హుండ్ ఉంటే చదునైన ఊరు కావాలి.

దానికి నేను ముందు చెప్పేది నోర్డ్‌లింగెన్. సుమారు 1.5 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన, దాదాపు 25 కిలోమీటర్ల వెడల్పున్న గుంతలో ఆ ఊరుంది. ఊరి నేల చదునుగా ఉంటుంది. చుట్టూ ఉన్న కోటగోడ 2.7 కిలోమీటర్లు, ఎక్కడా తెగకుండా ఊరంతా చుట్టి వస్తుంది. గోడ ఎక్కలేని కుక్కను దాని పక్కనే కింద నడిపించుకుంటూ ఊరంతా చూపించవచ్చు. ఊరి గుడి, అంటే చర్చి, కట్టిన రాయి కూడా ఆ ఉల్క దెబ్బకు పుట్టినదే. డోనావోర్ట్ నుంచి ట్రైన్‌లో అరగంట.

రోథెన్‌బుర్గ్ కొండ అంచున ఉంటుంది. ఊళ్లో పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు కానీ కింద టౌబర్ లోయకు దిగి ఎక్కాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అదే పెద్ద సరదా.

బాంబెర్గ్ కుటుంబంతో వెళ్లడానికి మంచిది. 1993లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. నది మధ్యలో నిలబడ్డ పాత టౌన్‌హాల్ దగ్గర ఫొటో తీసుకుని, హైన్ అనే పెద్ద పార్కులోకి నడిస్తే కుక్క ప్రాణం లేచొస్తుంది. గుడి వైపు మాత్రం ఎక్కుడు దారి.

రేగెన్స్‌బుర్గ్‌లో 12వ శతాబ్దపు రాతి వంతెన దాటితే డాన్యూబ్ మధ్యలో పచ్చికలున్న దీవులు. అక్కడ నీటి ఉరవడి ఎక్కువ. ఈత వచ్చిన కుక్కనైనా లీష్ లేకుండా నీళ్లలోకి వదలకండి.

క్వెడ్లిన్‌బుర్గ్ దూరమైనా ఒకసారి వెళ్లి తీరాలి. చెక్క చట్రాల మధ్య మట్టి, ఇటుక నింపి కట్టిన ఫాఖ్‌వెర్క్ ఇళ్లు అక్కడ రెండు వేలకు పైనే. కానీ వీధుల్లో రాళ్లు ఎగుడుదిగుడు. పాదాలు సున్నితంగా ఉన్న కుక్కకు రెండు గంటలు చాలు.

ఒక వీకెండ్‌కు ఒకే ఊరు. రోథెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్ పక్కపక్కనే ఉన్నాయని ఒకే రోజు రెండూ పెట్టుకోకండి. మనకు అవి రెండు ఊళ్లు. కుక్కకు రెండుసార్లు కారెక్కి దిగడం, రెండుసార్లు కొత్త వాసనలు, రెండుసార్లు టెన్షన్.

2. తేదీ చూసుకోండి

ఏప్రిల్, మే, సెప్టెంబర్ చివర, అక్టోబర్ బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో రాళ్లు కాలిపోతాయి.

ఆ వీకెండ్‌లో ఊళ్లో పండగ ఉందేమో తప్పక చూడండి. రోథెన్‌బుర్గ్‌లో పెంటెకోస్ట్ సెలవుల్లో 1631 నాటి ముట్టడిని గుర్తుచేసే ఉత్సవం జరుగుతుంది. పాతకాలపు సైనికుల వేషాలు, గుర్రాలు, డప్పులు, పేలుళ్లు. మనకు కన్నుల పండగే, కుక్కకు నరకం. డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ సాయంత్రాలు కూడా అంతే. అంత జనంలో కుక్క కంటికి కనిపించేవి కాళ్లూ బూట్లే, పైనుంచి గ్లూవైన్ అనే వేడి మసాలా వైన్ ఒలుకుతుంటుంది. వెళ్లాల్సిందే అనుకుంటే పని రోజున, మార్కెట్ తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. డిసెంబర్ 31 రాత్రి బాణసంచా సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రోజు ప్రయాణమే పెట్టుకోవద్దు.

3. గదికి బుక్ చేసే ముందు ఉత్తరం రాయండి

బుకింగ్ సైట్‌లో పెంపుడు జంతువులకు అనుమతి ఉందని రాసి ఉన్నా నేరుగా హోటల్‌కు ఒక మెయిల్ పెట్టండి. కుక్క జాతి, బరువు, వయసు రాసి ఈ నాలుగూ అడగండి.

- రాత్రికి కుక్కకు ఎంత? 10 నుంచి 25 యూరోల దాకా అడగడం మామూలే.
- కింది అంతస్తులో గది ఉందా? పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, చెక్క మెట్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి.
- టిఫిన్ చేసే హాల్లోకి కుక్కను తీసుకురావచ్చా?
- కాసేపు గదిలో ఒంటరిగా వదలవచ్చా?

మూడో ప్రశ్న చాలామంది మరచిపోతారు. పొద్దున్నే హాల్ గుమ్మం దగ్గర ఆపేస్తారు, గదిలో వదిలితే కుక్క అరుస్తుంది, ఇద్దరూ వంతులవారీగా చల్లారిన కాఫీ తాగాలి. రానివ్వమని చెప్తే హోటల్ బదులు ఫెరియన్‌వోనుంగ్, అంటే వంటగది ఉన్న అద్దె ఇల్లు చూసుకోండి. కుక్కతో వెళ్లేవాళ్లకు నా సలహా కూడా అదే. మన వంట మనం చేసుకోవచ్చు, కుక్క పక్కనే పడుకుంటుంది.

వీలైతే కోటగోడ లోపలే గది తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

4. ప్రయాణం

ట్రైన్‌లో అయితే: పిల్లి అంత చిన్న కుక్క బోనులోనో సంచిలోనో ఉంటే టికెట్ అక్కర్లేదు. అంతకన్నా పెద్దదైతే జర్మనీ రైల్వే సంస్థ డాయిచె బాన్ ట్రైన్లలో టికెట్, లీష్, చిక్కం మూడూ కావాలి. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్, అంటే ప్రాంతీయ బండ్లకు దేశమంతా చెల్లే నెల పాసు ఉంది కదా అని కుక్కకు కూడా అది చెల్లుతుందనుకోకండి. అది మీ ఒక్కరిది. కుక్క రూలు ఆయా ప్రాంతపు రవాణా సంస్థ, అంటే ఫెర్కేర్స్‌ఫెర్బుండ్‌ను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల కుక్కకు ఉచితం, కొన్నిచోట్ల తగ్గింపు టికెట్. దారిలో రెండు ప్రాంతాలు దాటితే రెండింటి రూలూ చూసుకోవాలి.

చిక్కం విషయంలో ఒక మాట. ప్రయాణం రోజున మొదటిసారి తొడగకండి. మేం అదే తప్పు చేశాం. ప్లాట్‌ఫారం మీద లడ్డు దాన్ని పీకేసుకోవడానికి మూతిని నేలకు రాసి రాసి ముక్కు మీద చర్మం లేపుకున్నాడు. తర్వాత రెండు వారాలు ఇంట్లో అలవాటు చేశాం. మొదటి రెండు మూడు రోజులు చిక్కం లోపలి నుంచి తినడానికి ఏదో ఒకటి పెట్టాం, తొడగలేదు. తర్వాత ఒక నిమిషం తొడగడం, అయిదు నిమిషాలు, ఆపైన దానితోనే షికారు. ఇప్పుడు చిక్కం బయటికి తీస్తే తోకాడిస్తాడు.

కుక్క సీటు ఎక్కకూడదు. డబ్బా చివర, తలుపుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చుంటే దాని తోక ఎవరూ తొక్కరు. ఎక్కే గంట ముందు ఒక షికారు, రెండు గంటల ముందు తిండి బంద్. న్యూరెంబర్గ్ నుంచి రోథెన్‌బుర్గ్‌కు అన్స్‌బాఖ్, ష్టైనాఖ్ మీదుగా మారాలి. ష్టైనాఖ్ నుంచి చిన్న బండి, పావుగంట. మారే చోట అయిదారు నిమిషాలే ఉండే బండి కన్నా తర్వాతి బండికి ప్లాన్ చేయండి. కుక్కను లాక్కుంటూ మెట్లు పరిగెత్తితే రోజంతా దాని మనసు కుదుటపడదు.

కారులో అయితే: చట్టం ప్రకారం కుక్కను కదలకుండా ఉంచాలి. పెట్టె గానీ, సీట్ బెల్టుకు తగిలించే హార్నెస్ గానీ. ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. రోథెన్‌బుర్గ్ గోడ బయట పీ1 నుంచి పీ5 దాకా పార్కింగ్ స్థలాలున్నాయి, అక్కడ పెట్టి నడవండి. హోటల్ గోడ లోపల ఉంటే కారు ఎక్కడిదాకా తీసుకురావచ్చో వాళ్లనే అడగండి.

హెచ్చరిక: ఆపిన కారులో కుక్కను వదలవద్దు. బయట 20 డిగ్రీలే ఉన్నా పది నిమిషాల్లో లోపల 27, అరగంటలో 36, గంటకు 46 డిగ్రీలవుతుంది. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. మన ఎండలు చూసినవాళ్లకు 20 డిగ్రీలంటే చలికాలమే అనిపిస్తుంది. ఈ పొరపాటు జరిగేది అక్కడే.

5. ఊరిని కుక్క టైమ్‌కు చూడండి

రోథెన్‌బుర్గ్‌లో పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా బస్సుల్లో వచ్చే గుంపులుంటాయి. సాయంత్రమయ్యేసరికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత, మళ్లీ పొద్దున ఏడు గంటలప్పుడు ఊరు మీది. గోడ లోపల గది తీసుకోమన్నది ఇందుకే. మేం వెళ్లేటప్పుడు ఇలా చేస్తాం.

శనివారం పదకొండుకు దిగుతాం. స్టేషన్ నుంచి నడిచి రోడర్ గేటులోంచి లోపలికి. మార్కెట్ చౌక్‌లో ఆగకుండా నేరుగా ఊరు దాటి, పడమటి కొసన ఉన్న బుర్గ్‌గార్టెన్ తోటకు. అక్కడి నుంచి లోయలోకి దిగి రెండంతస్తుల వంతెన దాకా గంట నడక. ముందు కుక్క తన షికారు ముగించుకోవాలి, వాసనలు చూసుకోవాలి. ఆ తర్వాతే మన చరిత్ర. ఈ వరస తిరగేస్తే, అంటే ముందు ఊరు, తర్వాత పచ్చిక అంటే, కుక్క ఊరంతా లాగుతూనే ఉంటుంది.

ఒంటిగంటకు భోజనం. రెండు నుంచి నాలుగున్నర దాకా గదిలో పడక. టూరిస్టులు ఎక్కువగా ఉండేది అప్పుడే, ఎండ ఎక్కువ ఉండేదీ అప్పుడే. ఎదిగిన కుక్క రోజుకు 16 గంటల దాకా పడుకుంటుంది, ట్రిప్‌లో ఆ నిద్ర తెగ్గోస్తే సాయంత్రానికి ప్రతి కుక్క మీదా మొరుగుతుంది. చాలామంది నాతో మా కుక్క అక్కడ గొడవ చేసిందండీ అంటారు. మధ్యాహ్నం పడుకోబెట్టారా అని అడిగితే లేదంటారు.

అయిదు తర్వాత ష్మీడ్‌గాసె మీదుగా ప్లోన్‌లైన్‌కు. అదే, క్యాలెండర్లలో కనిపించే ఆ రెండు దారులు చీలే పసుపు ఇల్లు. ఆదివారం పొద్దున ఏడింటికి మళ్లీ వెళ్లండి. మనిషి కనబడడు. ఆ రాళ్ల మీద కుక్క గోళ్ల చప్పుడొక్కటే వినిపిస్తుంటుంది. నాకు ఈ ట్రిప్‌లన్నిటిలో ఆ పది నిమిషాలే ఇష్టం.

నడిచే ముందు మీ అరచేతి వెనక వైపును రాయి మీద ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు. నీడ వైపు మారండి, లేదా ఆగండి. రాళ్ల వీధిలో ఏకబిగిన 40 నిమిషాలకు మించి నడిపించకండి. పార్కులో రెండు గంటలు పరిగెత్తే కుక్క కూడా రాళ్ల మీద త్వరగా అలసిపోతుంది. రాళ్ల మధ్య సందుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. అందుకే బయల్దేరే మూడు నాలుగు రోజుల ముందే గోళ్లు కత్తిరించండి. ముందు రోజు కత్తిరిస్తే అంచులు గరుకుగా ఉంటాయి.

6. గోడ, గుడి, మ్యూజియం: వంతులు వేసుకోండి

గుళ్లు, రాజభవనాలు, మ్యూజియంల లోపలికి కుక్కను రానివ్వరు. నోయిష్వాన్‌స్టైన్ లాంటి చోటికి కుక్కతో వెళ్తే ఒకరు బయటే ఉండిపోవాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు అలాంటి ఊళ్లను ఈ ట్రిప్‌లో పెట్టుకోకపోవడమే మేలు.

రోథెన్‌బుర్గ్‌లో సెంట్ యాకోబ్ గుడిలో టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1500 తర్వాత చెక్కిన పవిత్ర రక్తపు పీఠం ఉంది. లిండెన్ చెక్క మీద ఒక్కొక్క మొహం చూస్తూ నిలబడిపోతాం. దాన్ని తప్పించుకోవద్దు. ఒకరు లోపల అరగంట, ఇంకొకరు కుక్కతో బయట. తర్వాత మార్పు. బయట ఉన్నవాళ్లు గుమ్మం ముందే నిలబడితే లోపలికెళ్లిన మనిషి కోసం కుక్క ఏడుస్తుంది. పక్క వీధిలోకి నడిపించుకెళ్లండి.

కోటగోడ సంగతి వేరు. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీలో కింద నేల కనిపించే చోట చాలా కుక్కలు బిగుసుకుపోతాయి. మొదటిసారి లడ్డు పైకి ఉత్సాహంగా ఎక్కాడు, దిగనన్నాడు. 17 కిలోలను చంకన పెట్టుకుని, వెనక వస్తున్నవాళ్లకు దారి ఇస్తూ దిగడానికి పావుగంట పట్టింది, నా కాళ్లు వణికిపోయాయి.

ఇప్పుడు ఇలా చేస్తాం. ఒకరు గోడ మీద నడుస్తారు, ఇంకొకరు కుక్కతో గోడను ఆనుకుని కింద వీధిలో నడుస్తారు. తర్వాతి గేటు దగ్గర కలుసుకుని మారతాం. పైన నడిచేవాళ్లు గోడలో పేర్లు చెక్కిన పలకలు చూడండి. 1945 మార్చి 31న బాంబులకు ఊరి తూర్పు భాగం కూలిపోయింది. గోడను మళ్లీ కట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు పంపినవాళ్ల పేర్లు అవి. కింద నడిచేవాళ్లు పైవాళ్ల పేరు పిలవకండి. కుక్క ఎటు చూడాలో తెలియక కంగారు పడుతుంది.

మీ కుక్క ఎక్కగలదేమో చూడాలనుకుంటే మొదట ఇంటి దగ్గర పార్కులో ఇలాంటి ఖాళీలున్న మెట్ల మీద ప్రయత్నించండి. ఎక్కడం కాదు, దిగడం పరీక్ష.

7. తిండి: మనది, దానిది

రెస్టారెంట్‌లోకి కుక్కను రానివ్వాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. చాలామంది రానిస్తారు, అడగకుండానే నీళ్ల గిన్నె పెడతారు. అయినా గుమ్మం దగ్గర ఆగి అడగండి: డార్ఫ్ డెర్ హుండ్ మిట్ రైన్? లోపల మూల బల్ల ఎంచుకుని, దుప్పటి పరిచి, వెయిటర్ నడిచే దారికి అడ్డం రాకుండా బల్ల కింద పడుకోబెట్టండి. శనివారం రాత్రికైతే ముందే ఫోన్ చేసి, కుక్క కూడా వస్తుందని చెప్పి బల్ల చెప్పుకోండి.

బేకరీ, మాంసం కొట్టు, సూపర్‌మార్కెట్‌లోకి మాత్రం కుక్కను తీసుకెళ్లలేం. చాలాచోట్ల తలుపు మీద కుక్క బొమ్మతో మేం బయటే ఉండాలి అని బోర్డు ఉంటుంది. అప్పుడు కుక్కను బయట కట్టేసి వెళ్లే అలవాటు మానుకోండి. తెలియని ఊరు, తెలియని మనుషులు. ఎవరైనా విప్పేయవచ్చు, ఏదైనా పెట్టవచ్చు. ఒకరు వెళ్లండి, ఒకరు ఉండండి.

రోథెన్‌బుర్గ్‌లో షాపు కిటికీల నిండా ష్నేబాలెన్ ఉంటాయి. పిండి పట్టీలను ఉండలా చుట్టి వేయించి చక్కెర అద్దుతారు. చాక్లెట్ పూసినవి కుక్కకు విషం. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకు బదులు జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ అన్నీ ప్రమాదమే. మన డబ్బాలో పులిహోర, చపాతీ కూర తీసుకెళ్లేవాళ్లం కదా. పార్కులో తింటున్నప్పుడు పిల్లలు ప్రేమగా ఒక ముద్ద పెడతారు. కూరలో ఉల్లి ఉంటుంది, చికెన్‌లో ఎముక ఉంటుంది. పిల్లలకు కుక్క బిస్కెట్లు కొన్ని ఇచ్చి, ఏమైనా పెట్టాలంటే ఇవే అని చెప్పండి. వద్దు అనడం కన్నా అదే పనిచేస్తుంది.

8. రాత్రి గదిలో తనిఖీ

దీపం వేసి, కుక్కను దుప్పటి మీద పడుకోబెట్టి పది నిమిషాలు ఒళ్లంతా చూడండి.

- పాదాల మెత్తలు: కోత, బొబ్బ, ఎర్రదనం. వేళ్ల మధ్య చిన్న రాయి.
- గోళ్లు: విరిగిందా, మొదట్లో రక్తం ఉందా.
- పిడుదులు: చెవుల లోపల, చంకల్లో, కనురెప్పల దగ్గర, తోక కింద. టౌబర్ లోయ గడ్డిలో నడిస్తే ఇది తప్పనిసరి.

పిడుదు దొరికితే నూనె, కిరోసిన్, సబ్బు ఏదీ రాయకండి. మన ఊళ్లో అలా చేసేవారని అలవాటుగా రాస్తారు. ఉక్కిరిబిక్కిరైన పిడుదు తన కడుపులోదంతా కుక్క రక్తంలోకి కక్కుతుంది. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి, నలపకుండా, మెల్లగా నిటారుగా లాగండి. తేదీ ఫోన్‌లో రాసుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం, నీరసం, కుంటడం కనిపిస్తే డాక్టరుకు ఆ తేదీ చెప్పాలి. బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో పిడుదుల వల్ల మనుషులకు మెదడు వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది. మీకూ పిల్లలకూ టీకా వేయించుకోండి.

ఆదివారం ఏదైనా అయితే

ఊరికి బయల్దేరే ముందే ఆ ఊరి దగ్గర్లో ఉన్న జంతువుల క్లినిక్ పేరు, నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. పశువైద్యుల అత్యవసర సేవను టియర్‌ఎర్త్స్‌లిఖర్ నోట్‌డీన్స్ట్ అంటారు. నేరుగా వెళ్లకుండా ముందు ఫోన్ చేయండి. రాత్రిపూట, వారాంతంలో పన్ను కాకుండా 50 యూరోల అత్యవసర రుసుము ఉంటుంది, దాని మీద వైద్యం ధర మామూలు రేటుకు కనీసం రెట్టింపు, నాలుగింతల దాకా వేయవచ్చు. బిల్లు చూసి మోసపోయామని బాధపడకండి, అది ప్రభుత్వం పెట్టిన ధరల పట్టిక.

తరచుగా చేసే పొరపాట్లు

లీష్ లేకుండా వదలడం. లోయలో ఎవరూ లేరని వదిలేస్తారు. లేడి కనిపిస్తే మీ పిలుపు వినపడదు. రాష్ట్రాన్ని బట్టి రూలు కూడా మారుతుంది. నీడర్‌జాక్సెన్‌లో ఏప్రిల్ 1 నుంచి జులై 15 దాకా పక్షులు, జంతువులు పిల్లలు పెట్టే కాలమని అడవుల్లో, ఊరి బయటి పొలాలు, పచ్చికల్లో లీష్ తప్పనిసరి.

ఎదురొచ్చే కుక్క దగ్గరికి వదలడం. ఇక్కడివాళ్లు లీష్ మీద ఉన్న కుక్కలను కలవనివ్వరు. వాళ్లు తమ కుక్కను పక్కకు తిప్పుకుంటే మనల్ని అవమానించారనుకోకండి. మీరూ రోడ్డుకు అవతలి వైపు మారండి. మాట కలపాలనుకున్నవాళ్లు మగా ఆడా అని అడుగుతారు, ర్యూడె ఓడర్ హ్యుండిన్ అని. అక్కడి నుంచి కబుర్లు మొదలవుతాయి.

చారిత్రక గోడలు, ఫౌంటెన్లు, పూలకుండీల మీద కాలెత్తనివ్వడం. ఆ ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారు. సందు మొదట్లోనే లీష్ పొట్టిగా పట్టుకుని నడిపించేయండి. మలం సంచి చెత్తబుట్టలోనే వేయండి, పొద చాటున వదలకండి.

సరిహద్దు దాటి వెళ్లడం. రోథెన్‌బుర్గ్‌కు అవసరం లేదు గానీ, సాల్జ్‌బుర్గ్, ష్ట్రాస్‌బుర్గ్ కూడా దగ్గరే కదా అని చివరి నిమిషంలో బయల్దేరేవాళ్లున్నారు. పాస్‌పోర్ట్, చిప్ ఉండాలి, రేబిస్ టీకా వేసి 21 రోజులు దాటి ఉండాలి.

ట్రిప్ సరిగ్గా జరిగిందని ఎలా తెలుసుకోవాలి

ఊళ్లో ఉండగా గంటకోసారి కుక్క మొహం చూడండి. ఎండ లేకపోయినా రొప్పడం, నిద్ర లేకుండా ఆవలించడం, పెదాలు నాక్కోవడం, తోక లోపలికి ముడుచుకోవడం, ఇష్టమైన బిస్కెట్ కూడా వద్దనడం, ఇవి చాలు అని చెప్పే గుర్తులు. రెండు కనిపిస్తే అక్కడితో ఆపి గదికి వెళ్లండి, మిగిలింది మళ్లీ చూడొచ్చు. నీళ్లు తాగుతూ, రాత్రి తిండి తిని, వెల్లకిలా పడుకుని నిద్రపోతే ఆ రోజు సరిపోయినట్టు.

సోమవారం రోజంతా పడుకుంటే కంగారు అక్కర్లేదు. కుంటుతూ ఉంటే ఒకరోజు చూడండి, రెండో రోజుకు కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. విరేచనాలు రెండో రోజు దాటినా అంతే.

అదే సోమవారం రాత్రి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. ఏ మెట్ల దగ్గర ఆగిపోయింది, ఏ రెస్టారెంట్ బల్ల కింద హాయిగా పడుకుంది, ఎన్ని గంటలు నడిచాక గుర్తులు మొదలయ్యాయి. లడ్డుకు ఆ లెక్క మొదటి ట్రిప్‌లో మూడు గంటలు, ఇప్పుడు మధ్యలో నిద్ర పడితే అయిదున్నర. తర్వాతి ఊరిని మేం ఆ అంకె చూసే ఎంచుకుంటాం. అక్టోబర్‌కు నోర్డ్‌లింగెన్ అనుకుంటున్నాం, వాడు గోడ కింద, నేను పైన.